తీసింది తీసినట్టు చేరాలంటే

(వార్షికోత్సవం రెండో రోజు ఉదయం మాయాబందర్‌లో సభ్యులు, కుటుంబాల సమక్షంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యక్రమ పత్రంలో నా పేరు ఎదుట "వీడియోలు - నాణ్యత" అని వేశారు. నిన్న రాత్రి భోజనాల దగ్గర ఒక మిత్రుడు, "ఏమిటండీ, ఫోను తీసి బటన్ నొక్కడానికి కూడా ఉపన్యాసమా?" అన్నాడు. నొక్కడానికి అక్కర్లేదు. నొక్కిన తర్వాత ఆ వీడియోకు ఏమవుతోందో చెప్పడానికే నిలబడ్డాను. మనం తీసినప్పుడు అద్దంలా కనబడింది, ఆన్‌లైన్‌లో పెట్టాక అలుక్కుపోయినట్టు ఎందుకు కనబడుతోంది? ఈ ప్రశ్న మీలో చాలామంది నన్ను అడిగారు. సినిమా తీసేవాళ్ళకు చెప్పేంత విద్య నా దగ్గర లేదు. నేవీలో కమ్యూనికేషన్ బ్రాంచ్‌లో పనిచేసిన వాణ్ణి. కానీ ఈ విషయంలో ఒక తప్పు చేసి, దాని వల్ల నేర్చుకున్నాను. ముందు ఆ తప్పు చెబుతాను.

2019 సంక్రాంతికి మనం ఇలాగే కలిశాం. ఆ రోజు మనలో ఒక పెద్దాయన లేచి మాట్లాడారు. వాయుసేనలో పనిచేసి రిటైరైన మనిషి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన ఉదయం కార్ నికోబార్‌లో ఉన్నారు. ఆ సంగతి అంతకు ముందు ఇంట్లో కూడా నోరు విప్పి చెప్పలేదట. ఆ రోజు ఎందుకో చెప్పారు. కాగితం లేదు, అచ్చమైన శ్రీకాకుళం మాటలో 14 నిమిషాలు. అక్కడున్న మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది, పిల్లలు కూడా కదల్లేదు. నేను మొదటి వరసలో కూర్చుని ఫోన్‌లో రికార్డు చేశాను. బాగానే వచ్చింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకోవడం కూడా స్పష్టంగా వచ్చింది.

ఆ ఫైలు దాదాపు 1.8 జీబీ. అప్పటికి మన దీవులకు సముద్రం కింద కేబుల్ రాలేదు. ఇంటర్నెట్ అంతా ఉపగ్రహం మీదే నడిచేది, అది ఎంత నెమ్మదో మీకు చెప్పనక్కర్లేదు. అందుకని నేను దాన్ని మూడేసి నిమిషాల చొప్పున అయిదు ముక్కలు చేసి, మెసేజ్ యాప్‌లో మన గ్రూపుకు పంపాను. మర్నాడు పిల్లల్ని కర్మాటాంగ్ బీచ్‌కి తీసుకెళ్ళాలి, ఫోన్‌లో చోటు లేదు. "గ్రూపులో ఉందిగా" అనుకుని అసలు ఫైలు తీసేశాను. తర్వాత ఒక సభ్యుడు మంచి మనసుతోనే ఆ అయిదు ముక్కలూ అతికించి ఆన్‌లైన్‌లో పెట్టాడు. అందరం మెచ్చుకున్నాం. ఫోన్ తెర మీద చిన్నగా చూశాం కాబట్టి తేడా తెలియలేదు.

2022లో పెద్దాయన కాలం చేశారు. పన్నెండో రోజు రాత్రి వారి అమ్మాయి ఫోన్ చేసింది. "అన్నయ్యా, నాన్న మాట్లాడిన వీడియో చుట్టాలకి చూపిద్దామని టీవీకి పెట్టాం. నాన్న గొంతు వినిపిస్తోంది గానీ మొహం ఆనడం లేదు. మంచిది నీ దగ్గర ఉందా?" అని అడిగింది. లేదని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆమె నన్ను ఏమీ అనలేదు. సిగ్నల్ పని చేసిన వాడికి మొదటి పాఠం ఏమిటి? అవతలి వాడు "రోజర్" అనేదాకా మెసేజ్ చేరినట్టు కాదు. చేరిందా, చేరితే సరిగ్గా చేరిందా అని చూడకుండా చేతిలో ఉన్న కాపీ చింపేశాను.

అప్పటి నుంచి ఈ సంగతి ఏమిటో కూర్చుని నేర్చుకున్నాను. నేర్చుకున్నదంతా కలిపితే ఒక్క మాట: వీడియోలో నాణ్యత ప్రతి చేతిలోనూ కొంత పోతుంది, పోయింది ఎన్నడూ తిరిగి రాదు. కాబట్టి చేతులు తగ్గించాలి, మొదటిదాన్ని దాచుకోవాలి.

వీడియోను ఎలా కుదిస్తారు

గార్డు డ్యూటీ లాగ్ బుక్ మీకందరికీ తెలుసు. డ్యూటీ ఎక్కగానే ఉన్నదంతా రాస్తాం: ఇన్ని తాళాలు, ఇన్ని ఆయుధాలు, గేటు మూసి ఉంది. ఆ తర్వాత ప్రతి గంటకీ అదంతా మళ్ళీ రాయం. ఏమీ మారకపోతే "ఆల్ కరెక్ట్" అని ఒక్క ముక్క. ఏదైనా మారితే ఆ మారింది మాత్రం రాస్తాం.

వీడియో ఫైలు కూడా అంతే. సెకనుకు 25 లేక 30 బొమ్మలు ఉంటాయి కదా, వాటిని అన్నింటినీ పూర్తిగా దాచితే ఏ ఫోనూ మొయ్యలేదు. కాబట్టి ఒక బొమ్మ పూర్తిగా దాచి, ఆ తర్వాత బొమ్మల్లో ఏం మారిందో మాత్రం దాస్తారు. ఈ రాత పద్ధతినే కోడెక్ అంటారు. 2003లో వచ్చిన హెచ్.264 ఇప్పటికీ అందరి ఫోన్లలో, టీవీల్లో నడిచే పద్ధతి. 2013లో వచ్చిన హెచ్.265 అంతకంటే తక్కువ చోటులో అదే పని చేస్తుంది, కానీ పాత యంత్రాల్లో కొన్నింటికి అది అర్థం కాదు.

ఇక లాగ్ బుక్‌లో గంటకు ఎంత కాగితం ఇచ్చారన్నది బిట్‌రేట్. అంటే ఒక సెకను వీడియోకు ఎన్ని బిట్లు ఖర్చు పెట్టొచ్చు అన్న లెక్క. పిండి కొద్దీ రొట్టె. ఒక మనిషి కుర్చీలో కూర్చుని మాట్లాడుతుంటే మారేది తక్కువ, కాస్త కాగితం చాలు. అదే సముద్రం తీశారనుకోండి, ప్రతి అలా, ప్రతి నురగా, ప్రతి మెరుపూ ప్రతి బొమ్మలోనూ మారుతుంది. రాయాల్సింది పేజీలకు పేజీలు, ఉన్నది అరపేజీ. అప్పుడు లాగ్ రాసేవాడు ఏం చేస్తాడు? వివరాలు ఎగరగొట్టి మొత్తం మీద రాస్తాడు. అదే మనకు తెర మీద గళ్ళు గళ్ళుగా, అలికినట్టుగా కనబడుతుంది.

మన మాయాబందర్‌లో ఏం తీసినా వెనక ఉండేవి ఏమిటి? సముద్రం, గాలికి ఊగే కొబ్బరాకులు, మడ చెట్లు, వాన. నాలుగూ కుదింపుకు పరమ శత్రువులే. హైదరాబాదులో గోడ ముందు నిలబెట్టి తీసిన వీడియోకు సరిపోయే బిట్‌రేట్ ఇక్కడ జెట్టీ మీద తీసినదానికి సరిపోదు. అందుకే మన వీడియోలు మరీ తొందరగా చెడిపోతాయి.

ఇప్పుడు నా తప్పు లెక్క చూడండి. నా ఫోన్ సెకనుకు సుమారు 17 మెగాబిట్లు ఖర్చు పెట్టి తీసింది. ఆ యాప్‌లో అప్పట్లో ఒక వీడియోకు 16 ఎంబీ హద్దు. మూడు నిమిషాలకు 16 ఎంబీ అంటే సెకనుకు 0.7 మెగాబిట్లు. ఇరవై నాలుగో వంతు! ఆ మిగిలిన దాన్ని అతికించడంలో మరోసారి కుదించారు, ఆన్‌లైన్ సైటు ఇంకోసారి కుదించింది. చిలికిన మజ్జిగనే మళ్ళీ మళ్ళీ చిలికితే వెన్న ఎక్కడి నుంచి వస్తుంది?

ఒక జాగ్రత్త. మెగాబిట్ వేరు, మెగాబైట్ వేరు. ఎనిమిది బిట్లు ఒక బైటు. బిట్‌రేట్‌నూ, లైన్ వేగాన్నీ బిట్లలో చెబుతారు, ఫైలు సైజును బైట్లలో చెబుతారు. ఈ రెండూ కలిపేసుకుంటే లెక్కలన్నీ ఎనిమిది రెట్లు తప్పుతాయి.

తీసేటప్పుడే

తర్వాత బాగుచేయలేనివి తీసేటప్పుడే చూసుకోవాలి. మనకిక్కడ డిసెంబరులో సాయంత్రం అయిదింటికే పొద్దు గుంకుతుంది. సభలన్నీ లైట్ల కింద జరుగుతాయి. వెలుతురు చాలకపోతే కెమెరా బొమ్మలో చుక్కలు చుక్కలుగా నలుసులు చేరతాయి. అవి ప్రతి బొమ్మలోనూ కొత్తగా వస్తాయి కాబట్టి బిట్‌రేట్‌ను అవే తినేస్తాయి, మొహానికి మిగలదు. మాట్లాడే వారి మొహం మీద ఒక మంచి దీపం పెట్టండి. ఖరీదైన కెమెరా కంటే అది ఎక్కువ మేలు చేస్తుంది.

వీడియోలో నల్ల పట్టీలు పైకీ కిందికీ జారుతున్నాయా? మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. దానితో వెలిగే కొన్ని ట్యూబులు, చవక ఎల్‌ఈడీలు సెకనుకు వంద సార్లు మిణుకుతాయి. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. కెమెరా సెట్టింగ్స్‌లో ఫ్లికర్ అని ఉంటే 50 హెర్ట్జ్ ఎంచుకోండి. షట్టర్ మార్చే వీలుంటే సెకనులో యాభయ్యో వంతు గానీ నూరో వంతు గానీ పెట్టండి. ఒకసారి రికార్డయిన పట్టీలను ఎక్స్‌పోర్ట్‌లో పోగొట్టడం దాదాపు కుదరదు.

కొన్ని కొత్త ఫోన్లు, ముఖ్యంగా 2020 తర్వాతి ఐఫోన్లు, హెచ్‌డీఆర్ అనే పద్ధతిలో తీస్తాయి. ఫోన్‌లో ధగధగలాడుతుంది, కంప్యూటర్‌లో ఎడిట్ చేసి ఎక్కిస్తే సున్నం కొట్టినట్టు తెల్లబోతుంది. రంగుల లెక్క మారకుండా ఎక్కించడమే కారణం. మనలాంటి వాళ్ళకు సులువైన మందు, కెమెరాలోనే హెచ్‌డీఆర్ ఆపేయడం. అప్పటికే తీసేసి ఉంటే ఎడిటింగ్ ప్రోగ్రాంలో ప్రాజెక్టు రంగులను 709 అనే మామూలు ప్రమాణానికి పెట్టి, అందులోకి మార్చి ఎక్స్‌పోర్ట్ చేయాలి.

ఫోన్ నుంచి కంప్యూటర్‌కి

ఇక్కడే నేను పడ్డాను. ఎడిట్ చేసే వాడికి ఫైలు మెసేజ్ యాప్‌లో మామూలు వీడియోగా పంపకండి. కేబుల్ పెట్టి కాపీ చేయండి, లేదా పెన్ డ్రైవ్‌లో ఇవ్వండి. తప్పనిసరైతే "డాక్యుమెంట్"గా పంపండి, అలా పంపితే కుదించకుండా ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. 2022 నుంచి వాట్సాప్‌లో ఇలా 2 జీబీ దాకా పంపొచ్చు. పంపాక రెండు వైపులా ఫైలు సైజు ఒకటేనా అని చూడండి. ఇదే మన "రోజర్".

ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు

ఎడిటింగ్‌కు డబ్బు ఖర్చు పెట్టనక్కర్లేదు. డావించి రిజాల్వ్ ఉచిత వెర్షన్, షాట్‌కట్ లాంటివి చాలు. ఒక్క ఫైలును కుదించడానికి హ్యాండ్‌బ్రేక్ ఉంది. ఏది వాడినా చూడాల్సినవి నాలుగు.

ఒకటి, రిజల్యూషన్. 1080పిలో తీసింది 1080పిలోనే బయటికి రావాలి. చాలామంది ప్రాజెక్టు మొదలుపెట్టేటప్పుడే అది 720పిలో ఉందో ఏమో చూడరు. అంతా అయ్యాక ఎక్స్‌పోర్ట్‌లో 1080పి అని నొక్కినా, మధ్యలో పోయిన వివరం రాదు.

రెండు, ఫ్రేమ్ రేట్. 30లో తీస్తే 30, 25లో తీస్తే 25. మార్చితే కదలిక కుదుపులు కుదుపులుగా ఉంటుంది, మార్చ్‌పాస్ట్ తీసి చూడండి, తెలిసిపోతుంది. ఫోన్లకు ఇంకో తిరకాసు ఉంది. అవి చెప్పేది 30 అయినా వెలుతురును బట్టి ఒకసారి 28, ఒకసారి 30 తీస్తాయి. అందుకే పొడుగాటి ప్రసంగాల్లో చివరికొచ్చేసరికి పెదవి ఒకచోట, మాట ఒకచోట అవుతుంది. ఎడిట్ చేయక ముందే హ్యాండ్‌బ్రేక్‌లో "కాన్‌స్టాంట్ ఫ్రేమ్ రేట్" పెట్టి ఒక మంచి కాపీ తీసుకుంటే ఈ బాధ తప్పుతుంది. అందులో నాణ్యత అంకె 18 దగ్గర పెట్టండి. ఆ అంకె ఎంత తగ్గితే నాణ్యత అంత ఎక్కువ. దీనివల్ల ఒక చేయి పెరుగుతుంది, నిజమే. అందుకే పెదవి తప్పిన వాటికే చేయండి, అన్నింటికీ వద్దు.

మూడు, బిట్‌రేట్. యూట్యూబ్ వారు సూచించిన లెక్క ఇది: 720పికి సెకనుకు 5 మెగాబిట్లు, 1080పికి 8, అదే సెకనుకు 50-60 ఫ్రేములైతే 12, 4కెకి 35 నుంచి 45. ఇవి కనీసం అనుకోండి. మన అలలకూ ఆకులకూ 1080పిలో 16 దాకా ఇచ్చినా తప్పు లేదు. మనం ఎక్కించినదాన్ని సైటు ఎలాగూ మళ్ళీ కుదిస్తుంది. దాని చేతికి మంచిది ఇస్తే మంచిది మిగులుతుంది.

నాలుగు, శబ్దం. దీన్ని అందరూ మర్చిపోతారు. ఏఏసీ పద్ధతి, 48 కిలోహెర్ట్జ్, స్టీరియోకు 384 కిలోబిట్లు. వీడియోతో పోలిస్తే ఇది చిల్లర. పెద్దాయన వీడియోలో మొహం పోయినా మాట మిగిలిందంటే శబ్దానికి చాలా కొంచెం చోటు సరిపోతుంది కాబట్టే. ఆ కొంచెంలో కక్కుర్తి పడకండి.

ఎక్స్‌పోర్ట్ అయ్యాక, ఎక్కించక ముందే, ఆ ఫైలును పెద్ద తెర మీద మొదలు, మధ్య, చివర చూడండి. అక్కడ బాగుండి ఆన్‌లైన్‌లో బాగుండకపోతే లోపం ఎక్కించడంలో ఉంది. అక్కడే బాగుండకపోతే లోపం మన ఎక్స్‌పోర్ట్‌లో ఉంది. లోపం ఎక్కడుందో తెలియకుండా సెట్టింగ్స్ మార్చుకుంటూ పోవడం, ఏ ఫ్యూజ్ పోయిందో చూడకుండా బల్బులన్నీ మార్చడం లాంటిది.

పాత క్యాసెట్లు

మీలో చాలామంది ఇళ్ళల్లో 2000 ప్రాంతంలో తీసిన మినీ డీవీ క్యాసెట్లు ఉన్నాయి. పెళ్ళిళ్ళు, పాసింగ్ అవుట్ పెరేడ్‌లు, పిల్లల మొదటి అడుగులు. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి ఆన్‌లైన్‌లో పెడితే చెయ్యి ఊపినప్పుడల్లా దువ్వెన పళ్ళలా గీతలు కనబడతాయి. ఆ రోజుల్లో ఒక బొమ్మను సరి గీతలు, బేసి గీతలు అని రెండు సగాలుగా తీసేవారు. సెకనుకు 25 బొమ్మలు, 50 సగాలు. పాత టీవీకి అది సరిపోయేది. ఇప్పటి తెర రెండు సగాలనూ ఒకేసారి చూపడంతో దువ్వెన కనబడుతుంది. మందు పేరు "డీఇంటర్లేస్". హ్యాండ్‌బ్రేక్‌లో ఆ బటన్ ఉంది. 50 సగాలను 50 పూర్తి బొమ్మలుగా చేస్తే కదలిక నున్నగా ఉంటుంది.

ఇంకొకటి. మన పాల్ క్యాసెట్ల బొమ్మ 720 బై 576. దాన్ని నేరుగా పెడితే మనుషులు కొంచెం నలిగినట్టో, లావైనట్టో కనబడొచ్చు. 4:3 నిష్పత్తి ఉందో లేదో చూసుకోండి. ఎక్కించేముందు 1440 బై 1080కి పెంచితే మంచిది. పెంచినందువల్ల కొత్త వివరం ఏమీ రాదు. కానీ యూట్యూబ్ పెద్ద సైజు వీడియోకు ఎక్కువ బిట్‌రేట్ ఇస్తుంది, 50 ఫ్రేములనూ 720పి, ఆపైన మాత్రమే ఉంచుతుంది. అసలు డీవీ ఫైలు గంటకు సుమారు 13 జీబీ అవుతుంది. అది దాచుకోండి. ఈ ఉప్పుగాలిలో, తేమలో క్యాసెట్లు ఎక్కువ కాలం నిలవవు. ఈ ఏడాది చేయదలచింది ఈ ఏడాదే చేయండి.

ఎక్కించడం

ఇప్పుడు మన పరిస్థితి 2019 నాటిది కాదు. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం కింద సుమారు 2,300 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ కేబుల్ మన దీవులకు వచ్చింది. అప్పటి పోర్ట్ బ్లెయిర్‌తో పాటు, అంటే 2024 సెప్టెంబరు నుంచి మనం శ్రీ విజయపురం అంటున్న ఊరితో పాటు, మరో ఏడు దీవుల తీరాలకు అది చేరింది. అందులో మనకు దగ్గరది రంగత్. అక్కణ్ణించి ఇక్కడికి ట్రంక్ రోడ్డు మీద 70 కిలోమీటర్లు. ఉపగ్రహం రోజులతో పోలిస్తే స్వర్గమే. అయినా వానాకాలంలో లైన్ తెగడం, కరెంటు పోవడం మనకు కొత్త కాదు కదా.

కాబట్టి ముందే లెక్క వేసుకోండి. 14 నిమిషాల వీడియో, సెకనుకు 8 మెగాబిట్లు, అంటే 840 ఎంబీ. మీ లైన్ అప్‌లోడ్ వేగం 2 మెగాబిట్లయితే 56 నిమిషాలు పడుతుంది. అర మెగాబిట్ అయితే దాదాపు మూడు గంటల ముప్పావు. వేగం చూసేటప్పుడు డౌన్‌లోడ్ అంకె చూసి మోసపోకండి, అప్‌లోడ్ అంకె వేరేగా ఉంటుంది, సాధారణంగా తక్కువ. ఆలస్యమవుతోందని బిట్‌రేట్ తగ్గించే కంటే రాత్రి పెట్టి పడుకోవడం మేలు. ఒక రాత్రి ఆగితే పోయేదేమీ లేదు. తగ్గించి పంపితే పోయింది ఎప్పటికీ పోయినట్టే.

ఎక్కిన వెంటనే చూసి "అయ్యో, మసకగా ఉంది" అని తీసేసి మళ్ళీ ఎక్కించే వాళ్ళున్నారు. కంగారు వద్దు. యూట్యూబ్ ముందు తక్కువ నాణ్యత కాపీ తయారుచేసి చూపిస్తుంది, హెచ్‌డీ కాపీ తర్వాత వస్తుంది. కొన్ని గంటలాగి చూడండి. చూసేటప్పుడు కూడా గేర్ గుర్తు నొక్కి 1080పి ఎంచుకున్నారో లేదో చూడండి. నెమ్మది లైన్ మీద అది తనంతట తానే 360పికి దిగిపోతుంది. ఊళ్ళో అమ్మానాన్నలకు లింకు పంపేటప్పుడు ఈ సంగతి కూడా ఫోన్‌లో చెప్పండి. సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి.

ఏది పెట్టకూడదో

నాణ్యత సంగతి మాట్లాడుతూ ఇది చెప్పకపోతే నేను యూనిఫాం వేసుకున్న వాణ్ణే కాదు. వీడియో ఎంత స్పష్టంగా ఉంటే వెనక ఉన్నది అంత స్పష్టంగా కనబడుతుంది. మన పిల్ల నాట్యం వెనక జెట్టీలో కట్టిన ఓడ, దాని నంబరు, గేటు, యాంటెన్నా, గోడ మీద రోస్టర్ కనబడితే, మనం ఇచ్చిన 16 మెగాబిట్లు వాటికి కూడా పనిచేస్తాయి. 2020 జూలైలో సైన్యం 89 యాప్‌లను ఫోన్ల నుంచి తీసేయమని ఆదేశించింది గుర్తుంది కదా. సర్వీసులో ఉన్న వారు తమ దళం నియమాలు చూసుకుని, అనుమానముంటే అడిగి, ఆ తర్వాతే ఎక్కించాలి. "అన్‌లిస్టెడ్" అంటే రహస్యం కాదు, లింకు ఉన్న ప్రతివాడూ చూడగలడు. ఫోన్ తీసిన అసలు ఫైలులో తీసిన చోటు వివరం కూడా ఉండొచ్చు, డాక్యుమెంట్‌గా పంపినప్పుడు అదీ వెళ్తుంది. కెమెరాలో లొకేషన్ ఆపేసి తీయడం అలవాటు చేసుకోండి.

మరొకటి, మనలో దక్షిణం నుంచి ట్రంక్ రోడ్డు మీద వచ్చిన వారికి. దారిలో జారవా వారి ప్రాంతం ఉంది. అక్కడ వారిని ఫోటో గానీ వీడియో గానీ తీయడం చట్టరీత్యా నేరం. పొరపాటున బస్సు కిటికీ లోంచి ఏదైనా పడి ఉంటే, బాగుచేసి ఎక్కించడం కాదు, తుడిచేయడమే పని.

దాచుకోవడం

చివరి మాట. ఆన్‌లైన్‌లో ఉన్నది చూపించడానికి పెట్టిన కాపీ, దాచుకున్న కాపీ కాదు. అక్కణ్ణించి దించుకుంటే మీరు ఎక్కించినది రాదు, వాళ్ళు కుదించినది వస్తుంది. అసలు ఫైలు రెండు వేర్వేరు డిస్కుల్లో ఉండాలి. ఒకటి ఇక్కడ, ఒకటి ఊళ్ళో. ఇక్కడిదాన్ని మూత బిగువుగా పట్టే డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. ఏడాదికొకసారి తెరిచి, ఫైళ్ళు ఆడుతున్నాయో లేదో చూడండి. రెండు చోట్లా ఆడుతోందని కళ్ళతో చూశాకే ఫోన్‌లోంచి తీసేయండి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్న వాడి మాట ఇది, కొంచెం నమ్మండి.

మన సంఘానికి ఒక మనవి. ఈ రెండు రోజుల్లో ఎవరు ఏం తీసినా, సాయంత్రం బయల్దేరే ముందు ఆ బల్ల దగ్గర కూర్చున్న కుర్రాడికి మీ ఫోన్ పది నిమిషాలు ఇవ్వండి. కేబుల్ పెట్టి అసలు ఫైళ్ళు రెండు డిస్కుల్లోకి కాపీ చేస్తాడు. మీకు అభ్యంతరం ఉన్నవి మీరే పక్కన పెట్టండి. ఏది బయటికి వెళ్ళాలో సంఘం పెద్దలు, సర్వీసులో ఉన్న అధికారులు చూసి నిర్ణయిస్తారు. గ్రూపులో పంపుకోవడం మానమనడం లేదు, సంతోషంగా పంపుకోండి. కానీ అసలుది ముందు ఇక్కడ చేరాలి.

పెద్దాయన వీడియో సంగతి ఏమైందని మీకు ఉంటుంది. ఎంత ప్రయత్నించినా ఆ మొహం తిరిగి రాలేదు. ఈ మధ్య కంప్యూటరే మొహాన్ని ఊహించి స్పష్టంగా చేసే ప్రోగ్రాములు వచ్చాయి. ఒకదాంట్లో వేసి చూశాను. మొహం నున్నగా, స్పష్టంగా వచ్చింది. కానీ అది ఆయన మొహం కాదు, ఎవరో పరాయి మనిషి ఆయన గొంతుతో మాట్లాడుతున్నట్టు ఉంది. తుడిచేశాను. చివరికి చేసింది ఒక్కటే. ఆ అయిదు ముక్కల్లో శబ్దం మాత్రం విడదీసి, గాలి హోరు కొంచెం తగ్గించి, సీడీలో వేసి వారి అమ్మాయికి పంపాను. ఆ ఇంట్లో ఏటా డిసెంబరు 26న దాన్ని పెట్టుకుని వింటారట. "కళ్ళు మూసుకుని వింటాం అన్నయ్యా, సరిపోతుంది" అంది.

ఆమెకు సరిపోయిందేమో. నాకు సరిపోలేదు. ఈ హాల్లో ఇవాళ మాట్లాడబోయే పెద్దలు ఇంకా ముగ్గురున్నారు. వారి మొహం మీద దీపం పడుతోందా అని ఎవరైనా ఒక్కసారి చూస్తే, నా ఉపన్యాసం పనికొచ్చినట్టే.

 సెలవు.

జై హింద్.